పైపును మూసిన రాయే ఎరువు

గోబర్ గ్యాస్ తొట్టిలో పేడ పులిస్తే మీథేన్ వస్తుంది, పొయ్యి వెలుగుతుంది. మరి మిగిలిన ద్రవం? పేడలోని నత్రజని, భాస్వరం, పొటాష్ దాదాపుగా తొట్టిలోనే ఉండిపోతాయి. ఆ ద్రవం పొలానికి పారితే ఎరువు. చెరువులో కలిస్తే నాచు పెరిగి, నీటిలో ఆక్సిజన్ తగ్గి చేపలు చస్తాయి.

ఇంటి తొట్టి ద్రవాన్ని బకెట్లతో పెరటికి మోయవచ్చు. నగరాల మురుగు శుద్ధి కేంద్రాల్లో అది కుదరదు. పైగా అక్కడ మెగ్నీషియం, అమ్మోనియా, ఫాస్ఫేట్ కలిసి తెల్లని రాయిలా గట్టిపడి పైపులను మూసేస్తాయి. ఆ రాయి పేరు స్ట్రువైట్. 1845లోనే జర్మనీలోని హాంబర్గ్‌లో దీన్ని గుర్తించారు.

ఇప్పుడు ఆ రాయిని కావాలనే ప్రత్యేక ట్యాంకుల్లో పెంచుతున్నారు. ద్రవానికి మెగ్నీషియం ఉప్పు చేర్చి, పీహెచ్ 8–9 మధ్య ఉంచితే స్ట్రువైట్ గింజలుగా అడుగుకు దిగుతుంది. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో, డర్హమ్ కేంద్రంలో 2009లో ఈ పని మొదలైంది. ఈ ఎరువు మెల్లగా కరుగుతుంది, వానకు త్వరగా కొట్టుకుపోదు. అయితే దీంతో భాస్వరం చాలావరకు దొరికినా, అమ్మోనియా ఎక్కువ భాగం ద్రవంలోనే మిగులుతుంది. దాన్ని గాలితో వెలికితీసి, సల్ఫ్యూరిక్ ఆమ్లంలో పట్టి అమ్మోనియం సల్ఫేట్‌గా మారుస్తారు.

మన దేశం ఫాస్ఫేట్ శిలను చాలావరకు దిగుమతి చేసుకుంటోంది. అందుకే ఈ పాఠం మన పిల్లలకు అవసరం. బళ్లారిలోనైనా, బరంపురంలోనైనా తెలుగు మాధ్యమంలో మేము చెప్పే ‘అవక్షేపం’ ఇదే. సున్నపుతేటలోకి ఊదినప్పుడు వచ్చే తెలుపును చూసిన పిల్లలకు స్ట్రువైట్ అర్థం కావడం కష్టమేమీ కాదు.