అచ్చుకెక్కని సంగీతం: ల్యూట్ విద్వాంసుడు వైస్

పద్దెనిమిదో శతాబ్దపు జర్మన్ రాజాస్థానాల్లో ల్యూట్ వాద్యానికి సాటిలేని విద్వాంసుడని పేరొందిన సిల్వియస్ లియోపోల్డ్ వైస్, 1687లో సైలీషియా ప్రాంతంలో జన్మించి, 1750 అక్టోబరు 16న డ్రెస్డెన్ నగరంలో మరణించాడు. అదే ఏడాది జులైలో కన్నుమూసిన స్వరకర్త బాఖ్ పేరు నేడు లోకమంతా ఎరుగును గాని, వైస్ పేరు చాలాకాలం సంగీత చరిత్ర పుటలు దాటి బయటికి రాలేదు. ఈ మరుగుకు కారణాన్ని ఆయన వాయించిన వాద్యంలోను, ఆయన వాడిన స్వరలిపిలోను వెతకాలి.

పలుచని చెక్కబద్దలు అతికించి గుండ్రంగా మలచిన బుర్రతో, వేళ్లతో మీటి వాయించే తంత్రీవాద్యం ల్యూట్. మన వీణకు ఇత్తడి మెట్లను మైనంలో అమర్చినట్లు కాకుండా, దీనికి మెట్లుగా పేగుతో చేసిన తీగలనే కాడ చుట్టూ బిగించి కడతారు. వైస్ తన ప్రౌఢదశలో వాడిన ల్యూట్‌కు 13 వరుసలు ఉండేవి. పై రెండు వరుసలకు ఒక్కొక్క తీగ, మిగిలిన పదకొండింటికి జంట తీగలు, వెరసి 24 తీగలు. కింది మంద్రపు తీగలను మెట్ల మీద నొక్కకుండా కేవలం బొటనవేలితో మీటుతారు కాబట్టి, వాటిని ముందుగానే రచనకు తగిన స్వరాలకు శ్రుతి చేసుకోవలసి వస్తుంది. ల్యూట్ వాద్యకారుడు ఎనభై ఏళ్లు బతికితే అరవై ఏళ్లు శ్రుతి చేసుకోవడంతోనే సరిపోతుందని మాథెసన్ అనే సంగీత రచయిత ఎద్దేవా చేయగా, 1723లో వైస్ ఆయనకు లేఖ రాసి తన వాద్యం పక్షాన వాదించాడు.

తండ్రి యోహాన్ యాకోబ్ వద్దనే విద్య నేర్చిన వైస్, 1710 నుంచి 1714 వరకు పోలండ్ రాకుమారుడు అలెగ్జాండర్ సొబియెస్కీ కొలువులో రోములో గడిపి, ఇటాలియన్ గానశైలిలోని దీర్ఘమైన రాగధారను ఒంటబట్టించుకున్నాడు. సాక్సనీ పాలకుడు, పోలండ్ రాజు కూడా అయిన ఆగస్టస్ 1718లో ఆయనను డ్రెస్డెన్ ఆస్థానంలో నియమించగా, కాలక్రమంలో అక్కడి వాద్యకారులందరిలోకి అత్యధిక వేతనం అందుకునే స్థాయికి చేరాడు. 1722లో ఒక ఫ్రెంచి వయొలిన్ వాద్యకారుడు ఆయన కుడిచేతి బొటనవేలిని దాదాపు తెగిపోయేంతగా కొరికాడు. మంద్రస్వరాల భారమంతా ఆ వేలిదే కనుక, ఆయన వృత్తే ముగిసిపోయేంత గండమది.

1739లో వైస్ లైప్‌జిగ్ వెళ్లి బాఖ్ ఇంట పలుమార్లు వాయించిన సంగతి బాఖ్ బంధువు లేఖవల్ల తెలుస్తున్నది. ఇద్దరూ ఆశువుగా పోటీపడ్డారన్న కథ తర్వాతి కాలంలో ప్రచారంలోకి వచ్చింది గాని, అంతకన్నా గట్టి సాక్ష్యం మరొకటుంది: బాఖ్ పేరిట ఉన్న వయొలిన్, కీబోర్డు రచన ఒకదానికి వైస్ ల్యూట్ సొనాటాయే మూలం. సొనాటా అంటే ఇక్కడ ఆలెమాండ్, కూరాంట్, సరబాండ్ వంటి నృత్యగతుల్లో సాగే ఖండికల మాలిక అని గ్రహించాలి.

ఆయన రచించిన సొనాటా ఖండికలు ఆరువందలకు పైగా మిగిలాయి. జీవితకాలంలో అచ్చయినది మాత్రం 1728లో స్వరకర్త టెలిమాన్ పత్రికలో వెలువడిన ఒకే ఒక్క ఖండిక. మిగిలినవన్నీ ప్రధానంగా లండన్, డ్రెస్డెన్ నగరాల్లోని రాతప్రతుల్లో, టాబ్లేచర్ అనే లిపిలో ఉన్నాయి. ఏ స్వరం పలకాలో కాక, ఆరు గీతల మీద అక్షరాలతో ఏ తీగను ఏ మెట్టుపై నొక్కాలో చెప్పే లిపి ఇది. ల్యూట్ చేతపట్టినవాడికి ఎంతో అనుకూలమైనా, పియానో ముందు కూర్చున్నవాడికి బోధపడదు. పద్దెనిమిదో శతాబ్దం ముగిసేనాటికి ల్యూట్ వాడుక తప్పిపోవడంతో లిపి చదవగలవారూ కరవయ్యారు. పైగా ఇరవయ్యో శతాబ్దంలో గిటారిస్టు సెగోవియా వైస్ పేరిట వాయించిన ఒక రచన, నిజానికి మెక్సికో స్వరకర్త పోన్సే కూర్చినదని తేలింది.

అసలు వైస్‌ను వినదలచినవారు 1721లో ల్యూట్ వాద్యకారుడు కౌంట్ లోజీ స్మృతిగా ఆయన కూర్చిన శోకగీతంతో మొదలుపెట్టవచ్చు. సొనాటాల విషయానికొస్తే, అమెరికన్ ల్యూట్ వాద్యకారుడు రాబర్ట్ బార్టో చేసిన రికార్డింగులు 11 సంపుటాలుగా లభిస్తున్నాయి.