బీజమును పొదివిన రెండు కణములు

బత్తాయికి పేరుగన్న నల్లగొండ జిల్లాలో కాయను కుట్టి చెరచు ఈగ రైతుకు శత్రువు. ఇచట చెప్పబోవునది దానిని గూర్చి గాదు. మాడుగులపల్లిలోనైనను, మిర్యాలగూడలోనైనను మిగుల మాగిన అరటిపండుపై ఎక్కడినుండియో వచ్చి ముసరు చిట్టియీగ యొకటి కలదు. పొడవు సుమారు 2.5 మిల్లీమీటర్లు, శాస్త్రనామము డ్రోసోఫిలా మెలనోగాస్టర్. 1910లో న్యూయార్కున మోర్గన్ పండితుడు తెల్లకన్నుల మగయీగను పరిశీలించినది మొదలు, అనువంశికతను గూర్చి మానవుడు నేర్చిన పాఠములలో పెక్కు ఈ యల్పప్రాణి చెప్పినవే.

ఈ ఈగ శుక్రకణము పొడవు దాదాపు 1.8 మిల్లీమీటర్లు! ఈగ పొడవులో పదింట ఏడుపాళ్లన్నమాట. ఇంతటి దారము చిక్కుపడక తయారగుట యెట్లు? వృషణపు కొనయందు పుట్టిన బీజకణమును వేరు రెండు కణములు ఇరుప్రక్కల నుండి పొదివికొనును. శాస్త్రజ్ఞులు వీనిని సిస్టు కణములందురు. తోడుకణములన్నచో తెలుగునకు బాగుండును. లోపలి కణము నాలుగుమారులు విభజనము చెంది 16 అగును; పిదప క్షయకరణ విభజనమువలన 64 అగును. తోడుకణములు మాత్రము మరల విభజింపవు. రెండే యుండి, సాగి సాగి, ఆ యరువదినాల్గింటిని కడదాక తమ కడుపులో దాచికొనును. ఒకటి తలలవైపు, రెండవది తోకలవైపు నిలుచును.

జన్యువులు అన్ని కణములలో నొకటే. ఏది ఎప్పుడు పలుకును, ఏది మౌనము వహించును అనుటలోనే భేదము. తొలిదశ తోడుకణములలో 'ట్రాఫిక్ జామ్' అను జన్యువు, తరువాతిదశలో 'ఐస్ ఆబ్సెంట్' అను జన్యువు పలుకును. రెండవది చెడిన యీగకు కన్నులు మొలవకపోవచ్చును. కావుననే ఆ పేరు. కంటికి కావలసిన జన్యువు వృషణమున నేమి చేయుచున్నదని విద్యార్థి యడుగుట న్యాయమే. అచ్చటను అది లేనిదే శుక్రకణములు పక్వము కావు.

ఈ తోడుకణముల రహస్యములు కొన్ని మన దేశముననే బయల్పడినవి. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున రాజేంద్ర, ప్రశాంత్, లఖోటియా అనువారు 2001లో ప్రకటించిన పరిశోధన యొకటి. 'హెచ్.ఎస్.ఆర్. ఒమేగా' యను జన్యువు ఏ మాంసకృత్తునకును సంకేతము గాదు, ఆర్.ఎన్.ఏ.ను మాత్రమే పుట్టించును. ఈ జన్యువు ముంగిట పరాయి డి.ఎన్.ఏ. తునుక చొరబడిన మగయీగలు గొడ్డువైనవి. చూడగా, ఆ ఆర్.ఎన్.ఏ. మితిమీరి పోగైనది తోడుకణములలో! ఇతర ఆర్.ఎన్.ఏ.లను తీర్చిదిద్దవలసిన మాంసకృత్తులు ఆ పోగులో చిక్కుకొని పనికి దొరకలేదని వారు భావించిరి. లోపమొక చోట, ఫలము వేరొక చోట.

తలవైపు కణము చేయు పనిని ముంబయి టాటా మౌలిక పరిశోధన సంస్థలోని కృషాను రాయ్ బృందము 2009లో చూపినది. ఆక్టిన్ అను మాంసకృత్తు పోగులతో ఆ కణము తలలన్నిటిని కట్టగా బిగించి, పక్వము గాకమునుపు జారిపోనీయదు.

బిడ్డలు కలుగనిచో తప్పు ఇల్లాలిదేనను మాట మన యూళ్లలో నేటికిని వినవచ్చును. పురుషునియందు శుక్రకణములను సాకు కణములు వేరే కలవు. 1865లో ఇటలీ దేశీయుడు ఎన్రికో సెర్టోలీ వర్ణించుటచే అవి సెర్టోలీ కణములైనవి. శుక్రకణములు పుట్టి పెరుగుట వాని యాసరాతోనే.