లక్ష ల్యూమెన్ల టార్చిలైటు, ఢిల్లీ పొగమంచు

ఎర్రకోటకు ఎదురుగా, చాందినీ చౌక్ మొదట్లో లాజ్‌పత్ రాయ్ మార్కెట్, దాన్ని ఆనుకుని భాగీరథ్ ప్యాలెస్ ఉంటాయి. బల్బు నుంచి వైరు దాకా విద్యుత్ సామాను ఏది కావాలన్నా ఢిల్లీవాసులు వెళ్లేది అక్కడికే. అరచేతిలో ఇమిడిపోయే ఎల్‌ఈడీ టార్చిలైట్లూ అక్కడ గుట్టలుగా దొరుకుతాయి. వాటి అట్టపెట్టెల మీద అంకెలు చూస్తే కళ్లు తిరుగుతాయి. పది వేల ల్యూమెన్లు, లక్ష ల్యూమెన్లు, కిలోమీటరు దూరం. దుకాణదారు మీట నొక్కి ఎదుటి మేడ మీదికి వెలుగు వేసి చూపిస్తాడు. చూడటానికి బ్రహ్మాండంగానే ఉంటుంది. కానీ వందల దీపాలు వెలుగుతున్న బజారులో ఒక దీపం సత్తా తేల్చడం చేపల మార్కెట్లో అగరుబత్తి వాసన చూసినట్టే.

కొనేవాళ్లలో సరదాకి కొనేవారు కొందరే. రాత్రి కాపలా వాళ్లు, తెల్లవారకముందే సైకిలెక్కే పాలవాళ్లు, పేపర్లు వేసేవాళ్లు, డిసెంబరు, జనవరి నెలల్లో పొగమంచులో రోడ్డు దాటాల్సిన కార్మికులు కూడా ఉంటారు. వాళ్లకు ఆ అంకె నిజమా కాదా అన్నది ముఖ్యమైన ప్రశ్న. నిజమైతే మాత్రం అది పొగమంచులో పనికొస్తుందా అన్నది అంతకంటే ముఖ్యం. రెండింటికీ జవాబు హైస్కూలు లెక్కలతోనే వస్తుంది.

సెల్లు ఇవ్వనిది దీపం ఇవ్వలేదు

దీపం నుంచి అన్ని దిక్కులకూ వెలువడే మొత్తం వెలుతురును ల్యూమెన్లలో కొలుస్తారు. ఒక నిర్దిష్ట దిశలో వెళ్లే వెలుతురు తీవ్రతను కాండెలాలలో చెబుతారు. మీటరు, కిలోగ్రాము, సెకను లాగే కాండెలా కూడా అంతర్జాతీయ ప్రమాణాల్లో మూల ప్రమాణం. మన దేశంలో దాన్ని నిలబెట్టే బాధ్యత న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలది. ఈ ప్రమాణం నిర్వచనంలోనే కొనుగోలుదారుకు పనికొచ్చే ఒక హద్దు దాగి ఉంది. 540 లక్షల కోట్ల హెర్ట్జ్ పౌనఃపున్యం ఉన్న కాంతి, అంటే మన కంటికి అత్యంత ప్రకాశవంతంగా కనిపించే పసుపు కలిసిన ఆకుపచ్చ కాంతి, ఒక వాట్‌కు 683 ల్యూమెన్లు ఇస్తుంది. ఏ దీపమైనా, ఎవరు తయారు చేసినా, దీన్ని దాటలేదు.

తెల్లని వెలుతురుకు ఈ హద్దు ఇంకా తక్కువ. టార్చిలో ఉండేది నిజానికి నీలం ఎల్‌ఈడీ. దాని మీద పూసిన పసుపు ఫాస్ఫర్ కొంత నీలాన్ని పసుపుగా మారుస్తుంది. మిగిలిన నీలం, ఈ పసుపు కలిసి కంటికి తెలుపుగా తోస్తాయి. ఆ నీలం ఎల్‌ఈడీని సాధించినందుకే అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. గట్టిగా మండించే చేతి టార్చిలో వాట్‌కు 100 నుంచి 150 ల్యూమెన్లు వస్తే మంచి పనితనమే.

ఇప్పుడు సెల్లు వైపు చూద్దాం. ఈ టార్చిల్లో ఎక్కువగా వాడేది 18650 అనే లిథియం అయాన్ సెల్లు. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు, చివరి సున్నా స్తూపాకారానికి గుర్తు. మేలైన రకంలో సుమారు 3,500 మిల్లీ ఆంపియర్-గంటల విద్యుత్తు పడుతుంది. వోల్టేజి సగటున 3.6. రెంటినీ గుణిస్తే 12.6 వాట్-గంటల శక్తి. అదే సైజు సెల్లు మీద 9,900 అని అచ్చు వేసి అమ్ముతున్నారంటే అచ్చు వేసినవాడి ధైర్యాన్ని మెచ్చుకోవాలి తప్ప సెల్లును కాదు.

లక్ష ల్యూమెన్లు కావాలంటే, వాట్‌కు 150 చొప్పున ఉదారంగా లెక్కేసినా, దాదాపు 667 వాట్లు కావాలి. మిక్సీ నడవడానికి సరిపోయే శక్తి అది. ఒక్క 18650 సెల్లు మీద అది 68 సెకన్లకు మించి వెలగదు. పైగా ఆ సెల్లు 185 ఆంపియర్ల కరెంటు ఇవ్వాలి. ఇంత నిల్వ ఉండే ఆ సైజు సెల్లు తట్టుకునేది సుమారు పది ఆంపియర్లు. పది ఆంపియర్లంటే 36 వాట్లు, అంటే మూడు నాలుగు వేల, మహా అయితే అయిదు వేల ల్యూమెన్లు. ఇలాంటి ఒక్క సెల్లు టార్చి మీద అంతకు మించిన అంకె కనబడితే పెట్టె విప్పకుండానే పక్కన పెట్టేయవచ్చు.

మూడు వేలు అన్న అంకె నిజమే అయినా ఎంతసేపు అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఎల్‌ఈడీలోకి వెళ్లిన విద్యుత్తులో సగానికి పైగా వేడిగానే తేలుతుంది. 36 వాట్లలో 20 వాట్లు వేడి అనుకున్నా, అది రేడియోలు బాగుచేసేవాళ్ల టంకం కడ్డీకి కాస్త తక్కువ. దాన్ని 150 గ్రాముల అల్యూమినియం గొట్టంలో బంధిస్తే, వేడి బయటికి పోనంతకాలం నిమిషానికి దాదాపు 9 డిగ్రీలు పెరుగుతుంది. ఢిల్లీలో మే నెల రాత్రి 32 డిగ్రీల దగ్గర మొదలైతే మూడు నిమిషాల్లో చేత్తో పట్టుకోలేనంత వేడెక్కుతుంది. అందుకే మంచి టార్చిల్లో ఉష్ణోగ్రతను గమనించే చిన్న సర్క్యూట్ ఉంటుంది. అది రెండు మూడు నిమిషాల్లోనే వెలుతురును మూడో వంతుకో నాలుగో వంతుకో దించేస్తుంది. అది లోపం కాదు, జాగ్రత్త. ఆ సర్క్యూట్ లేని చౌక టార్చిని చూసే భయపడాలి.

పెట్టె మీది గంటల లెక్కలోనూ ఇలాంటి మెలికే ఉంది. చేతి టార్చిల కొలతకు 2009లో అమెరికాలో ఎఫ్‌ఎల్1 అనే ప్రమాణం వచ్చింది. పేరున్న తయారీదారులు చాలామంది దాన్నే పాటిస్తారు. దాని ప్రకారం, వెలిగించిన 30 సెకన్ల నాటి వెలుతురు పదో వంతుకు పడిపోయేదాకా టార్చి వెలుగుతున్నట్టే లెక్క. కాబట్టి "3,000 ల్యూమెన్లు, 5 గంటలు" అన్న రెండు అంకెలూ విడివిడిగా నిజమే. రెండూ ఒకేసారి నిజం కానక్కర్లేదు.

ఎంత దూరం?

ల్యూమెన్లు ఎక్కువైతే దూరం ఎక్కువన్నది సాధారణంగా ఉండే అపోహ. ఉజాలా పథకంలో ఇంటింటికీ చేరిన 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు లాంటిదాన్నే తీసుకోవచ్చు. అది 900 ల్యూమెన్లు ఇస్తూ అన్ని వైపులా సమానంగా వెలుగుతుందనుకుంటే ఏ ఒక్క దిశలో చూసినా తీవ్రత సుమారు 72 కాండెలాలే. అదే 900 ల్యూమెన్లను అద్దపు గిన్నెలాంటి రిఫ్లెక్టర్‌తో 10 డిగ్రీల శంకువులోకి కుదిస్తే తీవ్రత 37 వేల కాండెలాలు దాటుతుంది. వెలుతురు కొత్తగా పుట్టలేదు, ఒక్కచోట పోగైంది అంతే.

ఎఫ్‌ఎల్1 ప్రకారం టార్చి "చేరే దూరం" అంటే దాని వెలుతురు 0.25 లక్స్‌కు తగ్గే చోటు. నిండు పున్నమి రాత్రి నేల మీద పడే వెన్నెల దాదాపు అంతే ఉంటుంది. వెలుతురు దూరం వర్గాన్ని బట్టి తగ్గుతుంది కాబట్టి సూత్రం చిన్నదే: కాండెలాల వర్గమూలాన్ని రెండుతో గుణిస్తే మీటర్లు వస్తాయి. పై బల్బుకు 17 మీటర్లు, రిఫ్లెక్టర్ పెట్టిన దీపానికి 380 మీటర్ల పైచిలుకు. దూరం రెట్టింపు కావాలంటే తీవ్రత నాలుగు రెట్లు కావాలన్నది కూడా ఇందులోనే ఉంది.

కుతుబ్ మినార్ ఎత్తు 72.5 మీటర్లు. లెక్క ప్రకారం 1,300 కాండెలాల మామూలు టార్చి దాని కొసను అందుకోవాలి. ఢిల్లీలో ఎవరికీ ఆ వెలుగు కనబడదు. మినార్ మీద అప్పటికే ఫ్లడ్‌లైట్లు పడుతుంటాయి, చూసేవాడి కళ్లు వీధి దీపాలకు అలవాటు పడి ఉంటాయి. కన్ను పూర్తిగా చీకటికి అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. అర్ధరాత్రి కరెంటు వచ్చిందని పొలానికి మోటారు వేయడానికి వెళ్లే తెలుగు రైతుకు మూడు బ్యాటరీల పాత టార్చి, కొన్ని పదుల ల్యూమెన్లే అయినా, గట్టు మీది పామును చూపించగలిగింది ఆ చీకటి పుణ్యానే. నగరం మధ్యలో వాడేవాళ్లు పెట్టె మీది దూరాన్ని సగానికి తగ్గించుకోవడం మేలు. సగం దూరంలో వెలుతురు ఒక లక్స్ ఉంటుంది, అది కొంచెం నయం.

ఇంట్లోనే సరిచూసుకోవడం కష్టం కాదు. చీకటి వరండాలో టార్చిని సరిగ్గా 5 మీటర్ల దూరంలో పెట్టి, కాంతిపుంజం నడిమధ్యన ఫోన్ ఉంచి, లక్స్ కొలిచే యాప్‌లో అంకె చూడాలి. దాన్ని 25తో గుణిస్తే కాండెలాలు. 400 లక్స్ వస్తే 10 వేల కాండెలాలు, అంటే 200 మీటర్లు. ఫోన్ సెన్సర్లన్నీ ఒకేలా కొలవవు కాబట్టి ఈ అంకెను ఖాయం అనుకోకూడదు. రెండు టార్చిలను పోల్చుకోవడానికి మాత్రం ఒకే ఫోన్ చక్కగా సరిపోతుంది. మొత్తం ల్యూమెన్లను పోల్చాలంటే తెల్లగోడల చిన్న గదిలో టార్చిని పైకప్పుకేసి నిలబెట్టి, నేరుగా వెలుగు పడని మూల ఫోన్ పెట్టాలి. ప్రయోగశాలలో లోపలంతా తెల్లపూత పూసిన బోలు గోళంలో దీపాన్ని పెట్టి వెలుతురును అన్ని దిక్కులకూ కలగలిపి కొలుస్తారు. ఈ చిన్న గది ఆ గోళానికి బీద బంధువు. అక్కడే అయిదు నిమిషాలు ఆగి నిమిషానికోసారి అంకె రాసుకుంటే, టార్చి ఎప్పుడు మందగిస్తుందో బయటపడుతుంది.

పొగమంచు గోడ

ఇదంతా గాలి శుభ్రంగా ఉన్నప్పటి లెక్క. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్‌లలో ఈ లెక్కలన్నీ తలకిందులవుతాయి.

భారత వాతావరణ శాఖ దృశ్యదూరం 200 మీటర్ల కంటే తగ్గితే దట్టమైన పొగమంచు అంటుంది, 50 మీటర్ల కంటే తగ్గితే అతి దట్టమైనది. ఈ దృశ్యదూరానికి ప్రపంచ వాతావరణ సంస్థ ఇచ్చిన నిర్వచనం టార్చి గురించే రాసినట్టుంటుంది: సన్నని కాంతిపుంజం ఎంత దూరం వెళ్లేసరికి అందులో 5 శాతమే మిగులుతుందో, అదే దృశ్యదూరం. ఢిల్లీ విమానాశ్రయం రన్‌వేల పక్కన దృష్టి అనే పరికరం చేసే పని ఇదే. బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ తయారు చేసిన ఈ పరికరంలో ఒక స్తంభం వెలుగు పంపుతుంది, ఇంకోటి అందుకుంటుంది. మధ్యలో ఎంత పోయిందో దాన్నిబట్టి దృశ్యదూరం తెలుస్తుంది.

ఇప్పుడు అతి దట్టమైన పొగమంచులో, దృశ్యదూరం 50 మీటర్లున్నప్పుడు, వంద మీటర్ల అవతల ఆగి ఉన్న లారీని టార్చితో చూడాలనుకుందాం. వెలుతురు వంద మీటర్లు వెళ్లాలి, లారీకి తగిలి వంద మీటర్లు తిరిగి రావాలి. మొత్తం 200 మీటర్లు, అంటే నాలుగు యాభైలు. ప్రతి యాభైకీ ఇరవయ్యో వంతే మిగులుతుంది. ఇరవయ్యిని నాలుగుసార్లు గుణిస్తే 1,60,000. మామూలు రాత్రి కనిపించేదాంట్లో లక్షా అరవై వేల వంతు మాత్రమే కంటికి చేరుతుంది. ఆ నష్టాన్ని పూడ్చాలంటే టార్చి అన్ని రెట్లు బలంగా ఉండాలి. ఉన్నా లాభం లేదు. చేతికి మూడు నాలుగు మీటర్లలోనే నీటి బిందువులకు తగిలి వెనక్కి వచ్చే తెల్లటి వెలుగు కూడా అన్ని రెట్లూ పెరుగుతుంది. లారీ ఆ తెల్లగోడ వెనుకే ఉండిపోతుంది. బలమైన టార్చి పొగమంచును చీల్చదు, పొగమంచుకే వెల్ల వేస్తుంది.

అయితే అవతలివాడికి మనం కనిపించడం వేరే లెక్క. టార్చి నుంచి బయల్దేరిన వెలుతురు లారీ డ్రైవరు కంటికి ఒక్కసారి ప్రయాణిస్తే చాలు. వంద మీటర్లంటే రెండు యాభైలే, నష్టం 400 వంతు. 10 వేల కాండెలాల టార్చి వంద మీటర్ల దూరంలో మామూలుగా ఒక లక్స్ ఇస్తుంది. దాన్ని 400తో భాగించినా మిగిలే వెలుతురు, చుట్టూ చీకటి ఉంటే, శుక్రగ్రహం నుంచి మనకు చేరే వెలుతురు కంటే చాలా ఎక్కువే. చూడటానికి పనికిరాని టార్చి కనిపించడానికి బాగా పనికొస్తుందన్నమాట. పొగమంచులో సిగ్నల్ కనిపించదని తెలిసిన రైల్వే శాఖ ఏనాడో కంటిని వదిలి చెవిని నమ్ముకుంది. సిగ్నల్‌కు ముందు పట్టాల మీద అమర్చిన డిటొనేటర్లు చక్రం కింద పేలితే డ్రైవరుకు హెచ్చరిక అందుతుంది. ఇప్పుడు జీపీఎస్ పరికరాలూ తోడయ్యాయి.

పసుపు లైటు పొగమంచును చీల్చుకుపోతుందన్న నమ్మకం కూడా చాలామందిలో ఉంది. పొగమంచు బిందువులు చాలావరకు కాంతి తరంగదైర్ఘ్యం కంటే ఎన్నో రెట్లు పెద్దవి. అవి అన్ని రంగులనూ దాదాపు ఒకేలా చెదరగొడతాయి. ఢిల్లీ గాలిలోని పొగ, ధూళిలో మైక్రాన్‌లో కొంత వంతు ఉండే సూక్ష్మ కణాల విషయం వేరు, అవి నీలాన్ని ఎక్కువగా చెదరగొడతాయి. అందుకని పసుపు ఛాయ ఉన్న ఎల్‌ఈడీతో కంటికి కాస్త హాయి దక్కుతుంది. అంతకుమించి ఆశించకూడదు.

పొగమంచులో నడిచేవాళ్లు టార్చిని కంటి దగ్గర కాకుండా నడుము కిందికి దించి పట్టుకోవాలి. అప్పుడు వెనక్కి చెదిరే వెలుగు చూపు దారికి అడ్డం రాదు. కార్లకు ఫాగ్ ల్యాంపులు బంపరు దగ్గర కింద బిగించేది ఇందుకే. నుదుటికి కట్టుకునే హెడ్‌ల్యాంపు ఇక్కడ అన్నిటికంటే అధ్వానం. అడుగులు చూసుకోవడానికి వంద, రెండు వందల ల్యూమెన్ల చిన్న స్థాయి చాలు. వాహనం చప్పుడు వినిపించినప్పుడు స్థాయి పెంచి అటు చూపాలి. అదీ డ్రైవరు మొహంలోకి సూటిగా కాదు, రోడ్డు మీద కొద్దిగా దించి. శక్తిమంతమైన టార్చి దగ్గర నుంచి కళ్లలో పడితే, ముఖ్యంగా పిల్లల కళ్లలో, అందులోని నీలికాంతి రెటీనాకు హాని చేయవచ్చు.

ఇదే టార్చితో సంక్రాంతికి విమానమెక్కి ఊరు వెళ్లేవాళ్లు విడి సెల్లులను చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు. కొసలు ఒకదానికొకటి తగలకుండా ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి చేతి సంచిలోనే ఉంచుకోవాలి.