దోమపోటుపై వెల్లుల్లి అస్త్రం

కోల్‌కతా: వంటింటి వెల్లుల్లి వరిచేనుకు కాపలా కాయగలదని ఇక్కడి బోస్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రజ్ఞులు నిరూపించి ఏళ్లు గడిచినా, ఆ ఫలితం రైతు గడప తొక్కలేదు.

వెల్లుల్లి ఆకులోని ‘లెక్టిన్’ అనే మాంసకృత్తు రసం పీల్చే పురుగుల పేగు గోడకు అంటుకొని, తిన్నది ఒంటబట్టనివ్వదు. దీనిని తయారుచేసే జన్యువును సంపా దాస్ బృందం తొలుత ఆవమొక్కలో ప్రవేశపెట్టి పేనుబంకపై పరీక్షించింది. అనంతరం వరిలో చేసిన ప్రయోగాల ఫలితాలను 2006లో వెల్లడించింది. ఆ వరిపై సుడిదోమ, పచ్చదీపపు పురుగుల మనుగడ, సంతానం బాగా తగ్గాయి.

పత్తిలో కాయతొలుచు పురుగును అణచిన బి.టి. విషానికి ఈ దోమలు లొంగవు. పురుగుమందు మితిమీరితే దోమను తినే సాలీళ్లు నశించి, దోమ మరింత విజృంభిస్తుంది. డెల్టా రైతుకు ఇది కొత్త సంగతి కాదు. హైదరాబాద్‌లోని ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిశోధకులు అదే జన్యువును చైతన్య, సాంబ మసూరి (బి.పి.టి. 5204) రకాలలో చొప్పించి, 2008లో ఫలితాలు ప్రకటించారు.

2010 ఫిబ్రవరిలో బి.టి. వంకాయ విడుదలను కేంద్రం నిలిపివేశాక జన్యుమార్పిడి ఆహారపంటల దారి ఇరుకైంది. వెల్లుల్లి తరతరాలుగా తింటున్నదే కావచ్చు. దాని మాంసకృత్తు రోజూ కంచంలోని అన్నంలో ఉండడం వేరు. ఆ పరీక్ష తప్పదు.