ప్రసవారంభ సూచనలు

గ్రామపెద్దలారా!

నిండుచూలాలు గల యింట కాన్పునకు ముందు తెలియవలసిన గుఱుతులు కొన్ని కలవు. ఇవి ఆడువారి మాటలని మనము తప్పించుకొనరాదు. వేళకు బండి పిలిపించు పెత్తనము తఱచు మనదే గదా!

కడుపు సడలుటయు, కటిప్రదేశమున శూల పుట్టుటయు ప్రసవచిహ్నములని సుశ్రుతుడు శారీరస్థానమున జెప్పెను. నేటి వైద్యులు మఱికొంత వివరించుచున్నారు. కడుపు క్రిందికి జాఱుట, మాటిమాటికి మూత్రము వచ్చుట, రక్తపుజీర గల జిగట కానవచ్చుట ముందు సూచనలు. వీని తరువాత కాన్పునకు కొన్ని దినములైనను పట్టవచ్చును.

నొప్పులు రెండు విధములు. దొంగనొప్పులు క్రమము లేక వచ్చి, కొంత నడచినను, పండుకొనినను సద్దుమణగును. నిజమైన నొప్పులు రానురాను దగ్గఱపడి, బలము హెచ్చును, విశ్రాంతిచే తగ్గవు. గడియారము చూచి లెక్కింపుడు. 5 నిమిషముల కొకసారి వచ్చి, ఒక్కొక్కటి నిమిషము నిలిచి, గంటసేపట్లు సాగినచో ఆసుపత్రికి బయలుదేరవలయును. ఆసుపత్రి దూరమైనను, ఇది తొలికాన్పు కాకున్నను అంతకు ముందే కదలుట మేలు.

నొప్పులు లేకున్నను ఉమ్మనీరు పోయినచో, ఎఱ్ఱని రక్తము కనబడినచో, శిశువు కదలిక తగ్గినచో, లేక 37 వారములు నిండకమున్నే నొప్పులు వచ్చినచో క్షణమైనను జాగు చేయక 108కి ఫోను చేయుడు.

వర్జ్యము, దుర్ముహూర్తము చూచుట పెండ్లికి తగును. శిశువు వానికై ఆగదు, మనమును ఆగరాదు.