కోనసముద్రం కొలిమి

నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో దొరికే నల్లటి మూస పెంకును ఒక్కసారి పరీక్షగా చూడండి. విరిగిన అంచులో వడ్ల పొట్టు ఆకారంలో సన్నసన్నని గుంటలు కనిపిస్తాయి. బంకమన్నులో వరి ఊక కలిపి ఆ మూసను చేశారు. ఊక కాలిపోయి సిలికా, కర్బనం మిగిలాయి. దాదాపు 1400 డిగ్రీల వేడిలో మూస జావగారిపోకుండా నిలబెట్టింది అవే. మన పొలాల్లో పండిన పదార్థంతోనే ఇంత పని సాధించారు!

ఆ మూసల్లో ఉక్కు చేసిన పనితీరు మనకు తెలిసింది హెన్రీ వాయిసీ వల్ల. ఆయన దేశాన్ని కొలిచిన త్రికోణమితి సర్వేలో వైద్యుడు, భూగర్భ శాస్త్రవేత్త. 1824లో చనిపోయాడు, ఆయన రాసిన వివరం 1832లో అచ్చయింది. ఇక్కడి కమ్మరులు ఒకే ఇనుము వాడేవారు కారు. మెట్‌పల్లి ఇనుము మూడు పాళ్లు, కొండాపూర్ ఇనుము రెండు పాళ్లు మూసలో వేసి, మూత పెట్టి, మట్టితో మెత్తేవారు. ఇక తిత్తులు ఆగకూడదు. మనుషులు వంతులవారీగా ఊదుతూ ఒక పగలు, ఒక రాత్రి కొలిమిని మండించేవారు. చల్లారాక మూస పగలగొడితే చిన్న ఉక్కు ముద్ద. అప్పటికది పెళుసు. మట్టి పూసి గంటల తరబడి మళ్లీ కాల్చి, నెమ్మదిగా చల్లార్చి, దాన్ని దారికి తెచ్చేవారు. నా దృష్టిలో అసలు విద్య ఈ ఓపికే.

ఆ ముద్దల కోసం ఇస్ఫహాన్ నుంచి వర్తకులు వచ్చి ఊళ్లోనే మకాం వేసేవారు. వాయిసీ వాళ్లను స్వయంగా చూశాడు. ఇలాంటి ఉక్కులో కర్బనం సుమారు ఒకటిన్నర శాతం ఉంటుంది. మితమైన వేడిలో సాగగొడితే కత్తి మీద నీటి అలల్లాంటి చారలు తేలతాయి. వేడి మితిమీరితే అవి చెరిగిపోతాయి. దక్షిణాదిలో ఇతర చోట్ల కూడా చేసిన ఈ లోహాన్ని ఇంగ్లండ్‌లో జార్జ్ పియర్సన్ 1795లో, తర్వాత మైకేల్ ఫారడే పరిశోధించారు. వాళ్లు ‘వూట్జ్’ అన్నది మన ‘ఉక్కు’నే అంటారు.

1856లో బెసెమర్ పద్ధతి వచ్చింది. టన్నుల లెక్కన పోతపోసిన చవక ఉక్కు ముందు మూసల కొలిమి నిలవలేకపోయింది.

ఇప్పుడు మిగిలింది చిట్టెం, పెంకులు. ఆ పక్క ఊళ్లవారికి నా విన్నపం ఒక్కటే: చేను చదును చేసేటప్పుడు చిట్టెం దిబ్బ తగిలితే తవ్విపోయకండి, ఊరి బడి పంతులుగారికి ఒకసారి చూపించండి.