చిప్ప నున్నగా ఉండాలంటే...

అగ్గిపెట్టెంత ఒళ్లు. అరచేతిలో పెట్టుకుంటే మెడ సాచి అటూ ఇటూ చూసే బుజ్జి కళ్లు. మెట్ట తాబేలు పిల్లను చూస్తే ఎవరికైనా ముద్దొస్తుంది. కానీ రెండేళ్లు తిరిగేసరికి అదే పిల్ల గుర్తుపట్టలేనట్టు మారిపోతే? బోర్లించిన గిన్నెలా నున్నగా ఉండాల్సిన వీపు మీద గుట్టలు గుట్టలుగా బొడిపెలు లేస్తే?

దాన్నే 'పిరమిడింగ్' అంటారు. చిప్ప మీది ఒక్కో పలకా ఈజిప్టు పిరమిడ్‌లా పైకి పొడుచుకొస్తుంది కాబట్టి ఆ పేరు. ఒకసారి వచ్చిన గుట్ట మళ్లీ దిగదు. మందూ లేదు, ఆపరేషనూ లేదు. తాబేలు డెబ్భై ఏళ్లు బతికితే డెబ్భై ఏళ్లూ దాన్ని మోయాల్సిందే. రాకుండా చూసుకోవడం మాత్రం పెంచేవాళ్ల చేతిలో పనే!

ఇది నీటి తాబేళ్ల సంగతి కాదు. అక్వేరియం షాపుల్లో కనిపించే చిన్న పచ్చ తాబేళ్లు నీళ్లలో ఉండేవి. పిరమిడింగ్ బెడద ఎక్కువగా నేల మీద తిరిగే మెట్ట తాబేళ్లకే. అందులోనూ ప్రపంచవ్యాప్తంగా ఇళ్లలో బాగా పెంచుతున్న 'సల్కాటా' జాతికి మరీ ఎక్కువ. ఆఫ్రికాలో సహారా ఎడారి దక్షిణపు అంచున ఉండే ప్రాంతాలు దీని సొంతూరు. పుట్టినప్పుడు ముప్పై నలభై గ్రాములుండే ఈ పిల్ల పెద్దయ్యాక నలభై కిలోలు కూడా దాటేస్తుంది. అమెరికాలో చాలామంది పెరట్లో పెంచుకునేది దీన్నే. మన నగరాల్లోని పెంపుడు జంతు ప్రియుల ఇళ్లలోకీ వచ్చింది.

గుట్ట ఎలా లేస్తుంది?

తాబేలు చిప్ప ఒంటి మీద తొడుక్కున్న చొక్కా కాదు. లోపలంతా ఎముక. వెన్నెముక, పక్కటెముకలు అందులో కలిసిపోయి ఉంటాయి. దాని మీద కెరటిన్ పలకలు. కెరటిన్ అంటే మన గోళ్లలో ఉండే పదార్థమే. తాబేలు పెరిగేకొద్దీ ఒక్కో పలక అంచు చుట్టూ కొత్త కెరటిన్ చేరుతూ ఉంటుంది. చిప్ప మీద కనిపించే వలయాలు అలా వచ్చినవే.

కొత్తగా చేరిన ఆ అంచు లేతగా ఉంటుంది. చుట్టూ గాలి తడిగా ఉంటే మెత్తగా ఉండి పక్కకి సాగుతుంది. చిప్ప నున్నగా పెరుగుతుంది. గాలి పొడిబారితే ఆ లేత అంచు త్వరగా ఎండి, బిగుసుకుపోతుంది. పక్కకి పెరిగే దారి లేక కిందికి ఒరుగుతుంది. దాంతో పలక నడిమి భాగం మీదికి లేస్తుంది. కింద ఉన్న ఎముక కూడా ఆ ఆకారంలోనే పెరుగుతుంది. పిరమిడింగ్‌కి నిపుణులు చెప్పే వివరణ ఇది. అందుకే మొదటి రెండు మూడేళ్లే కీలకం. పిల్ల వేగంగా పెరిగేది అప్పుడే మరి.

తప్పు తిండిదేనా?

చాలాకాలం ఈ నేరాన్ని తిండి మీదే మోపారు. మాంసకృత్తులు ఎక్కువై, పెరుగుదల వేగం పెరిగి గుట్టలు లేస్తున్నాయనుకున్నారు. 'ఎడారి జీవి కదా, ఎంత పొడిగా ఉంచితే అంత మంచిది' అన్నది అప్పటి సలహా. ఆ మాట నమ్మి పిల్లలని పొడి గడ్డి మీద, వేడి బల్బు కింద ఉంచి పెంచారు. ఎంత శ్రద్ధగా తిండి పెట్టినా చిప్పలు గుట్టలెక్కుతూనే వచ్చాయి.

ఆస్ట్రియాలోని వియన్నా పశువైద్య విశ్వవిద్యాలయ పరిశోధకులు వీస్నర్, ఇబెన్ ఈ చిక్కుముడి విప్పారు. 50 సల్కాటా పిల్లల్ని గుంపులుగా విడదీసి, 5 నెలల పాటు పెంచి చూశారు. గాలిలో తేమ, తిండిలో మాంసకృత్తులు... రెండింటినీ మార్చి మార్చి పరీక్షించారు. 2003లో వెలువడిన ఫలితాల ప్రకారం తిండిలో మాంసకృత్తుల ప్రభావం స్వల్పమే. పొడి గాలిలో పెరిగినవాటికి గుట్టలు ఎత్తుగా లేచాయి. బాగా తేమలో పెరిగినవాటికి తక్కువగా వచ్చాయి!

మరి ఎడారి అంచున పుట్టిన జీవికి తేమ ఎక్కడిది? అక్కడే ఉంది అసలు కిటుకు. సల్కాటా పగలంతా ఎండలో తిరగదు. నేలలో లోతుగా బొరియ తవ్వుకుని, ఎండ ముదిరేసరికి అందులోకి దూరిపోతుంది. బయట నిప్పులు చెరుగుతున్నా బొరియలో చల్లగా, తేమగా ఉంటుంది. గాజు తొట్టెలో బల్బు కింద కూర్చున్న పిల్లకి ఆ బొరియ ఏదీ? పైన ఏసీ గది, లేదంటే అమెరికా చలికాలంలో రాత్రింబవళ్లు తిరిగే హీటరు... రెండూ గాలిలోని తడిని పీల్చేసేవే.

బొరియని ఇంట్లోనే కట్టాలి

* పిల్లని మూత ఉన్న తొట్టెలో ఉంచాలి. మూత పూర్తిగా తెరిచి ఉంటే తేమ నిలవదు. గాలి ఆడేందుకు కొద్దిగా సందు చాలు.

* అడుగున మూడు నాలుగు అంగుళాల మందాన కొబ్బరిపొట్టు పరవాలి. మూలల్లో నీళ్లు పోస్తే కింది పొర తడిగా, పైపొర ఆరినట్టుగా ఉంటుంది. ఇసుక, న్యూస్‌పేపర్లు, ఎండుగడ్డి పనికిరావు.

* గాలిలో తేమ 80 శాతం దాకా ఉండాలి. చేత్తో తడిమి చెప్పేది కాదిది. తేమని కొలిచే హైగ్రోమీటర్ కొని, తాబేలు వీపు ఎత్తులోనే అమర్చాలి.

* రోజూ ఒకసారి గోరువెచ్చని నీళ్లలో పావుగంట, ఇరవై నిమిషాలు కూర్చోబెట్టాలి. నీళ్లు పై చిప్ప, కింది చిప్ప కలిసే చోటు దాటకూడదు. తల హాయిగా పైకి ఉండాలి. పిల్ల నీళ్లు తాగేదీ, ఒంట్లో మలినాలు వదిలేదీ అప్పుడే. వదిలి వెళ్లొద్దు. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి. తాబేళ్ల ద్వారా సాల్మొనెల్లా బ్యాక్టీరియా మనకి అంటుకునే ప్రమాదం ఉంది.

* వేడి బల్బు నేరుగా వీపుని ఎండబెడుతుంది. బల్బు ఉంటే రోజుకి రెండు మూడుసార్లు చిప్ప మీద నీళ్లు చిలకరించాలి.

తడి మంచిదే... చలితో కలిస్తే ముప్పు!

తేమ అనగానే నీళ్లు గుమ్మరించేసి ఊరుకుంటే ఇంకో కష్టం మొదలవుతుంది. చల్లగా, తడిగా ఉన్న చోట తాబేలు పిల్లలకి ఊపిరితిత్తుల జబ్బులు వస్తాయి. ముక్కు నుంచి నీరు కారడం, నోరు తెరిచి ఊపిరి తీయడం వాటి గుర్తులు. అందుకే తేమతోపాటు వెచ్చదనమూ ఉండాలి. తొట్టెలో రాత్రిపూట కూడా ఉష్ణోగ్రత 26 డిగ్రీలకి తగ్గకూడదు. పగలు 30 డిగ్రీల చుట్టుపక్కల, ఎండ కాచుకునే మూల 35 డిగ్రీలు దాటి ఉంటే మంచిది. పైపొర బురదలా చిత్తడైతే కింది చిప్పకి కుళ్లు పట్టొచ్చు. ఎప్పటికప్పుడు కలియబెడుతుండాలి.

మెనూలో ఏముండాలి?

తేమే ముఖ్యమని తేలినంత మాత్రాన తిండిని గాలికొదిలేయమని కాదు. కాల్షియం, డి3 విటమిన్ తగ్గితే ఎముక బలహీనపడి చిప్ప మెత్తబడుతుంది. అది వేరే జబ్బు. పిరమిడింగ్‌తో కలిసి వస్తే మాత్రం పిల్ల నడవలేని స్థితికి చేరుకుంటుంది.

సల్కాటాకి ప్రకృతి పెట్టిన భోజనం గడ్డీ ఆకులే. గరిక, మల్బరీ ఆకులు, మందార ఆకులూ పూలూ, ముళ్లు తీసిన నాగజెముడు... ఇవి పెడితే చాలు. పాలకూర, చుక్కకూర, గోంగూర, తోటకూర రోజూ వద్దు. వాటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. అన్నం, ఇడ్లీ, బ్రెడ్డు, పాలు, కుక్కలకి పెట్టే బిస్కెట్లు అసలే వద్దు. ముద్దుగా తింటోందని పెట్టే అరటిపండు కూడా దానికి మేలు చేయదు. లవ్‌బర్డ్స్ పంజరంలో వేలాడదీసే కటిల్‌ఫిష్ ఎముక ముక్క ఒకటి తొట్టెలో పడేస్తే కావలసినప్పుడు అదే కొరుక్కుంటుంది.

ఇక ఎండ. డి3 తయారవ్వాలంటే యూవీబీ కిరణాలు కావాలి. కిటికీ అద్దం వాటిని ఆపేస్తుంది. కాబట్టి అద్దంలోంచి పడే ఎండ లెక్కలోకి రాదు. పొద్దున్న లేత ఎండలో కాసేపు, నీడ ఉన్న చోట తిప్పాలి. వీలు కాకపోతే రోజుకి పది పన్నెండు గంటలు యూవీబీ దీపం వెలగాలి.

గుట్టలు ముందే వచ్చేస్తే?

నిరాశ పడక్కర్లేదు. పాత గుట్ట పోదు కానీ, పరిస్థితులు మార్చిన తర్వాత వచ్చే కొత్త వలయం నున్నగా పెరుగుతుంది. పలకల మధ్య లేత రంగు గీత కనబడుతుంటే పెరుగుదల సాగుతోందన్నమాట. ఆ గీత చదునుగా వస్తోందా, లోయలా లోపలికి దిగుతోందా అన్నది నెలకోసారి చూసుకోవాలి. పక్క నుంచి ఫొటో తీసి పెట్టుకుంటే తేడా ఇట్టే తెలుస్తుంది. కొద్దిపాటి గుట్టలున్న తాబేలు ఆరోగ్యంగానే జీవిస్తుంది. చిప్ప నొక్కితే మెత్తగా తగిలినా, నడక తడబడినా ఆలస్యం చేయకుండా పశువైద్యుడికి చూపించాలి.

నక్షత్ర తాబేలు జోలికెళ్లొద్దు

నల్లటి చిప్ప మీద పసుపు చుక్కల గీతలతో మెరిసే నక్షత్ర తాబేలు మన మెట్టల్లో పుట్టిందే. రాయలసీమ పొదల్లో తిరుగుతుంది. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం ఆలయంలో భక్తులు చూసేదీ ఈ జాతినే. దాని వీపు మీది ఎత్తుపల్లాలు మాత్రం జబ్బు కాదు, అడవిలో పెరిగినవాటికీ కొంతవరకూ అలాగే ఉంటాయి. అదృష్టం కలిసొస్తుందనో, వాస్తుకి మంచిదనో దీన్ని ఇంట్లో ఉంచుకుంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అక్రమ రవాణా మితిమీరడంతో 2019లో దీన్ని అంతర్జాతీయ వ్యాపారం నిషిద్ధమైన జాబితాలోనూ చేర్చారు. సల్కాటా లాంటి విదేశీ జాతుల్ని పెంచేవాళ్లు కూడా 2024 నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో వివరాలు నమోదు చేయించుకోవాలి.

మెట్ట తాబేలుని తెచ్చుకోవడమంటే ఒక బొమ్మ కొనుక్కోవడం కాదు, మనవడి దాకా అప్పగించాల్సిన బాధ్యతని నెత్తికెత్తుకోవడం. ఆ మనవడు రేపు దాని వీపు నిమిరినప్పుడు, మొదటి రెండేళ్లూ దాన్ని ఎలా చూసుకున్నారో వేళ్లకే తెలిసిపోతుంది. కాస్త తడి, కాస్త వెచ్చదనం, గుప్పెడు గరిక... అది అడిగేది అంతే కదా!